త్యాగబ్రహ్మ సన్నిధిలో వెలిగిన దీపము – విద్యాసుందరి నాగరత్నమ్మ

నవవిధభక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. కీర్తించువారు లేనిచో వినువారికి వినవలసినది లేదు. కావుననే మన పూర్వులు దేవాలయములయందు అర్చకునితో పాటు గాయకునికిని, నాదస్వర విద్వాంసునికిని, నర్తకికిని, పురాణము చెప్పువానికిని స్థానము కల్పించిరి. ఉత్సవమనగా పుష్పాలంకారము, దీపాలంకారము, ప్రసాద వినియోగము మాత్రమే కాదు. గర్భాలయమున నిత్యమును వేంచేసియుండు స్వామి ఉత్సవమూర్తియై వీథులలోనికి వచ్చి, ఆలయమునకు రాజాలని వారికిని దర్శనమొసగు దినములు ఉత్సవదినములు. ఆ దినములలో ఎవరి విద్య వారు స్వామి పాదములచెంత సమర్పించుకొందురు. అట్టి ఉత్సవములో పాడుటకు నీకు అర్హత లేదని ఒక భక్తురాలితో చెప్పినచో ఆమె ఏమి చేయవలెను? కోపించి వెడలిపోవలెనా? మనసు విరిగి మిన్నకుండవలెనా? ఈ రెండును గాక మూడవ మార్గము కలదని తన జీవితముతో చూపిన పుణ్యవతి బెంగుళూరు నాగరత్నమ్మ.

ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు తంజావూరు సమీపమున, కావేరీ తీరమునగల తిరువయ్యారులో త్యాగరాజస్వామివారి ఆరాధన జరుగుచుండుట పాఠకులకు తెలిసినదే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలో స్వామివారు రచించిన ఘనరాగ పంచరత్న కీర్తనలను గాయనీగాయకులు అనేకులు ఒక్క గొంతుగా పాడుదురు. నేల తమిళదేశపుది, మాట తెలుగుది, పాడువారు అన్ని భాషలవారు. యాత్రికులు సమాధి మందిరమునకు ప్రదక్షిణము చేయునప్పుడు, స్వామివారికి అభిముఖముగా చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీమూర్తి విగ్రహమును చూతురు. ఆమెయే నాగరత్నమ్మ. ఆ మందిరము ఆమె ధనముతో, ఆమె శ్రమతో లేచినది. అందు స్త్రీలు నేడు నిస్సంకోచముగా పాడుచున్నారన్నచో అదియును చాలవరకు ఆమె పట్టుదల ఫలమే.

బాల్యము, విద్యాభ్యాసము

నాగరత్నమ్మ 1878 సంవత్సరము నవంబరు 3వ తేదీన మైసూరు సమీపమునగల నంజనగూడులో జన్మించెను. తల్లి పుట్టలక్ష్మమ్మ దేవదాసి వంశమునకు చెందినది. తండ్రి ఆదరణ కరవగుటచే తల్లి ఒంటరిదై బిడ్డను పెంచుకొనవలసి వచ్చెను. సంపద లేకున్నను బిడ్డకు విద్య లేకుండరాదని ఆమె నిశ్చయించుకొనెను. మైసూరు ఆస్థానమునకు చెందిన సంస్కృత పండితులు గిరిభట్ట తిమ్మయ్యగారి వద్ద బాలిక సంస్కృతమును, సంగీతమును నేర్వసాగెను. ఆమె ప్రతిభ చూచి కొందరు ఓర్వలేకపోయిరనియు, మధ్యలోనే ఆ చదువు ఆగిపోయెననియు, బిడ్డను గొప్ప విదుషిగా తీర్చిదిద్దిన పిమ్మటనే మైసూరులో మరల అడుగుపెట్టెదనని తల్లి శపథము చేసి వెడలెననియు పెద్దలు చెప్పుదురు.

అటుపిమ్మట బెంగుళూరులో మునుస్వామప్పగారి వద్ద నాగరత్నమ్మకు సంగీతశిక్షణ లభించెను. ఆయన వాలాజాపేట కృష్ణస్వామి భాగవతుల శిష్యుడు. కృష్ణస్వామి భాగవతుల తండ్రి వేంకటరమణ భాగవతులు త్యాగరాజస్వామివారికి ప్రత్యక్ష శిష్యుడు. ఈ విధముగా నాగరత్నమ్మకు త్యాగరాజ కీర్తనలు పుస్తకములనుండి గాక గురుముఖమునుండి, స్వామివారి శిష్యపరంపర ద్వారా సంక్రమించినవి. తన సంగీతమునకు మూలపురుషుడు ఎవరో ఆమె ఎన్నడును మరువకుండుటకు ఇది ఒక కారణము. నాగరత్నమ్మ పసితనము వీడకముందే తల్లి గతించెను. అయినను తల్లి నాటిన విత్తనము వృథా కాలేదు. మైసూరు ఆస్థానమున పాడి మెప్పించి, తల్లి శపథమును కూతురు నెరవేర్చెను.

మద్రాసు జీవితము

తరువాత నాగరత్నమ్మ మద్రాసు చేరెను. ఆ కాలమున ఆ నగరము విద్వాంసులకు నిలయము. వీణ ధనమ్మాళ్ వంటి మహావిదుషులు అచ్చట నివసించుచుండిరి. కన్నడము, తెలుగు, సంస్కృతము అను మూడు భాషలయందును ప్రవేశముండుటచే ఆమె గానమున సాహిత్యము చక్కగా ప్రకాశించెడిది. గానముతో పాటు హరికథాకాలక్షేపములును చేసెడిది. 1905 నుండి 1934 వరకు 146 ఊళ్ళలో 1,235 కచేరీలు చేసినట్లు ఆమె వ్రాసి ఉంచుకొన్న లెక్కవలన తెలియుచున్నది. ఈ సంఖ్యలలో ఆమె శ్రమ అంతయు ఉన్నది. విద్యాసుందరియను బిరుదు ఆమె పేరునకు ముందు స్థిరపడెను. ధనము, గృహము, ఆభరణములు సమకూరెను.

సాహిత్యమునందును ఆమె ఒక సాహసము చేసెను. తంజావూరు మహారాష్ట్ర ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానమునందలి కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమను తెలుగు కావ్యము అప్పటికి మరుగునపడి యుండెను. తిరుప్పావైని తెలిగించినదనియు ప్రసిద్ధి గల ఆ కవయిత్రి కావ్యమును నాగరత్నమ్మ ప్రయాసపడి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటించెను. అందలి శృంగారమును ఆక్షేపించుచు కొందరు ఫిర్యాదు చేయగా ఆంగ్ల ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. పురుషులు రచించిన శృంగారకావ్యములు పండితుల పీఠములపై నుండగా స్త్రీ రచన మాత్రము నింద్యమెట్లగునని నాగరత్నమ్మ వాదము. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్నకాలమున ఆ నిషేధము తొలగెను. 1952లో వావిళ్ళవారు గ్రంథమును మరల ముద్రించిరి. ఆ కావ్యమును గూర్చి ఎవరి అభిప్రాయము ఎట్లున్నను, మరుగునపడిన ఒక కళాకారిణికి ఆమె న్యాయమైన స్థానము ఇప్పింపవలెనను తపన నాగరత్నమ్మకు మొదటినుండియు కలదని ఇందువలన గ్రహింపవచ్చును.

జీర్ణించిన సమాధి

త్యాగరాజస్వామివారు 1767లో అవతరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందిరి. రాజాస్థానముల నాశ్రయింపక, ఉంఛవృత్తితో జీవించి, శ్రీరామచంద్రునే నమ్మిన ఆ మహనీయుని సమాధి కావేరి ఒడ్డున కాలక్రమమున నిరాదరణకు గురియయ్యెను. శిష్యులు తమ తమ గృహములలో గురువుగారి తిథిని జరుపుకొనుచుండిరే గాని సమాధికడ ఉత్సవమేదియు లేదు. 1903 ప్రాంతమున శిష్యవర్గములోని ఉమయాళ్పురం కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు దానిని వెదకి బాగుచేయించిరి. తరువాత కొలది సంవత్సరములకు తిల్లస్థానము సోదరులగు నరసింహ భాగవతులు, పంజు భాగవతులు ప్రభృతులు సమాధివద్ద ఆరాధన జరుప మొదలిడిరి. కాని భేదాభిప్రాయములు పొడసూపి ఉత్సవము రెండు పక్షములుగా చీలెను. వానిని పెద్దపక్షము, చిన్నపక్షము అనిరి. ఒకే మహాత్మునికి రెండు ఉత్సవములు, రెండు చందాలు, రెండు సంతర్పణలు జరుగుచుండెను. ఇంత జరుగుచున్నను సమాధికి సరియైన కప్పు లేదు, నిత్యపూజకు ఏర్పాటు లేదు.

1921లో మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారు తిరువయ్యారు వెళ్ళి సమాధి దుఃస్థితిని కన్నులార చూచి, నాగరత్నమ్మకు జాబు వ్రాసిరి. ఆ జాబు ఆమె జీవితమును మలుపు త్రిప్పెను. తాను పాడిన ప్రతి కచేరీలోను ఎవరి కీర్తనలవలన తనకు పేరు వచ్చినదో, ఎవరి పరంపరవలన తనకు అన్నము దొరకినదో, ఆ మహాత్ముని సమాధిపై పిచ్చిమొక్కలు మొలచుచుండగా తాను సౌఖ్యమున నుండుట ఎట్లని ఆమె తల్లడిల్లెను. ఆమెకు సంతానము లేదు. కూడబెట్టిన ధనము గురుఋణము తీర్చుకొనుటకే యని నిశ్చయించుకొనెను.

వెంటనే తిరువయ్యారు చేరి చూడగా సమాధియున్న స్థలము అన్యుల స్వాధీనమున నుండెను. దానిని సంపాదించుటకు ఆమె ఎంతయో ప్రయత్నింపవలసి వచ్చెను. స్థలము సమకూరిన పిమ్మట ఆవరణ శుభ్రపరచి, పునాదివేసి, మందిర నిర్మాణమునకు పూనుకొనెను. కచేరీలలో వచ్చిన ధనము దానికే. అది చాలకున్నచో ఆభరణములు, ఆస్తులు అమ్మినది. 1920 తరువాతి అయిదారేండ్లలోనే మందిరము పూర్తియై, స్వామివారి విగ్రహము ప్రతిష్ఠింపబడి, కుంభాభిషేకము జరిగెను. నిత్యపూజకు ఏర్పాటయ్యెను. పూజలో పఠించుటకై త్యాగరాజస్వామివారి అష్టోత్తరశతనామావళిని ఆమెయే సంస్కృతమున రచించెను. ధనవంతులు గుడి కట్టించుట లోకమున కలదు. కట్టించిన గుడిలో అర్చనకు కావలసిన నామావళిని స్వయముగా రచించుట అరుదు.

గుడి కట్టినవారికి గుడిలో చోటు లేకపోయిన వేళ

మందిరము లేచినది. ఉత్సవమునకు శోభ కలిగినది. ఇక మిగిలిన కోరిక ఒక్కటే. ఆరాధన దినమున స్వామి సన్నిధిని కూర్చుండి ఆయన కీర్తనలను ఆయనకే వినిపించవలెను. కాని ఉత్సవ నిర్వాహకులు అంగీకరింపలేదు. ఉభయపక్షముల ఉత్సవములలోను స్త్రీలు పాడు ఆచారము లేదు. అందును దేవదాసి వంశపు స్త్రీ పాడుట తగదని పలువురి తలంపు. ఆమె ధనసహాయము అందుకొనుటకు అడ్డురాని ఆచారము ఆమె గానమునకు మాత్రము అడ్డువచ్చెను.

ఇచ్చట క్షణకాలము ఆగి ఆలోచింపవలెను. మందిరము ఆమెది. తలుపులు మూయదలచినచో మూయగలదు. ధనము ఇయ్యనన్నచో ఉత్సవమునకు కష్టము కలుగును. ఆమె ఆ పని చేయలేదు. ఎవరి ఉత్సవమునకును భంగము కలిగింపలేదు. అట్లని తనకు ఈ ఉత్సవమే వలదని విడిచిపోనులేదు. 1927లో ఆమె తోడి కళాకారిణులను కూడగట్టి, మందిరమునకు వెనుకభాగమున స్త్రీల గోష్ఠిని ఏర్పరచి, వారిచే అచ్చట పాడించెను, తానును పాడెను, హరికథ చెప్పెను. ముందుభాగమున పురుషుల ఉత్సవము, వెనుకభాగమున స్త్రీల ఉత్సవము జరుగుచుండెను. లోకులు దానిని స్త్రీల పక్షమనిరి. త్యాగరాజస్వామివారు రాముని గూర్చి పాడినప్పుడు ముందువైపున నున్నవారికే రాముడు కలడని తలపలేదు గదా. వెనుకవైపున పాడిన పాటయు స్వామికి వినబడియే యుండును.

సంవత్సరము వెంబడి సంవత్సరము ఈ గోష్ఠి జరుగుచునే యుండెను. దూరపు ఊళ్ళనుండి గాయనులు, నర్తకులు ఎదురుచూచి వచ్చెడివారు. వారిలో ఎందరికో పెద్ద సభలలో పాడు అవకాశము లేదు. ఏటికి ఒకసారి త్యాగరాజస్వామి సన్నిధిలో పాడితిమను గౌరవము వారికి సంవత్సరమంతయు నిలిచెడిది. వారి రాకపోకలకు, భోజనమునకు, బసకు నాగరత్నమ్మ చూచుకొనెను. ఆ కాలముననే దేవదాసీ వ్యవస్థను రద్దుచేయవలెనని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనసభలో ప్రయత్నించుచుండిరి. ఆ వ్యవస్థలో బాలికలు పడు బాధలను ఆమె లోకమునకు తెలిపెను. నాగరత్నమ్మ దేవదాసీ కళాకారిణుల సంఘము పక్షమున, దురాచారముతో పాటు తరతరముల విద్యయు, స్త్రీలకున్న ఆస్తిహక్కును నశింపరాదని వాదించెను. 1947లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసి ఆ వ్యవస్థను తొలగించెను. వ్యవస్థ పోవుట మేలే యైనను, దానిని ఆశ్రయించియున్న విద్యావతుల గతి ఏమగునను నాగరత్నమ్మ ప్రశ్న న్యాయమైనదే.

పక్షములు కలిసిన శుభవేళ

మూడు గోష్ఠులు, మూడు ఉత్సవములు ఒకే తిథికి జరుగుట చూచి సంగీతలోకమున పెద్దలు వ్యథచెందిరి. ఏకమగుటకు ప్రయత్నములు సాగెను. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి విద్వాంసులును, అధికారిగా నున్న ఎస్.వై. కృష్ణస్వామిగారును అందుకు తోడ్పడిరి. 1940 ప్రాంతమున పక్షములన్నియు కలిసి శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ యేర్పడెను. స్త్రీలకును ఆ ఉత్సవమున పాడు హక్కు లభించెను. అందరును కలిసి పంచరత్న కీర్తనలను ఏకకంఠముగా పాడు సంప్రదాయము ఈ ఐక్యత పిమ్మటనే నెలకొనెను. పెద్ద విద్వాంసుడు, నిన్న మొన్న సంగీతము నేర్చిన బాలుడు, పురుషుడు, స్త్రీ అందరును ఒకే పంక్తిలో కూర్చుండి ఒకే కీర్తన పాడునప్పుడు ఎవరు పెద్దపక్షము, ఎవరు చిన్నపక్షము అను ప్రశ్నయే లేదు. పదునాలుగేండ్లు మందిరము వెనుక కూర్చుండి పాడిన స్త్రీలు ముందుకు వచ్చిరి. నాగరత్నమ్మ తాను పొందిన అవమానమునకు ప్రతిగా ఎవరినుండియు క్షమాపణ కోరినట్లు వినము. ఆమెకు కావలసినది ఉత్సవము నిలుచుట, అందులో అందరికిని చోటు కలుగుట.

చివరి దినములలో ఆమె తిరువయ్యారులోనే నివసించెను. ఉదయముననే కావేరీస్నానము, మందిరసేవ, సంకీర్తనము ఆమె దినచర్య. ఆమె త్యాగసేవాసక్తయను బిరుదును పొందెను. పేరుకు తగినట్లు ఆమె సేవ త్యాగరాజస్వామికే చెల్లెను. మరణమునకు మునుపే తన ఆస్తిని స్వామి పూజకు, మందిర నిర్వహణమునకు చెందునట్లు ధర్మసంస్థగా ఏర్పరచెను. అందు స్త్రీలకు, తన వంశమువారితో సహా, సన్నిధిలో పాడుటకును సేవించుటకును ఎన్నడును ఆటంకము కలుగరాదని నిబంధన వ్రాయించెను. తాను పడిన బాధ తన తరువాతివారు పడరాదను దూరదృష్టి అందు కానవచ్చుచున్నది. 1952 మే 19వ తేదీన ఆమె స్వామి సన్నిధిని చేరెను. త్యాగరాజస్వామి మందిరమునకు చేరువనే ఆమె సమాధియు నిర్మింపబడెను. వెనుకకు పొమ్మనబడిన ఆమె నేడు స్వామికి ఎదురుగనే కూర్చుండి, ప్రతి ఆరాధనలోను పంచరత్నములను వినుచున్నది.

మనకు కలుగు బోధ

నాగరత్నమ్మ చరిత్ర చదివి ఆనందించి ఊరకుండుట చాలదు. మన ఊరి ఉత్సవములవైపు ఒకసారి దృష్టి సారింపవలెను. ధనుర్మాసము, సంక్రాంతి, శ్రీరామనవమి, దసరా వచ్చినప్పుడు పందిళ్ళు వేయుదుము, దీపములు వెలిగింతుము. మన వీథిలోనే భజనగోష్ఠి నడుపు వృద్ధుడు ఒకడు ఉండును. తాతముత్తాతలనుండి నాదస్వరమూదు కుటుంబము ఒకటి ఉండును. హరికథ చెప్పగల భాగవతారు, కోలాటము నేర్పగల ఒక గృహిణి, చెక్కభజన చేయు రైతులు ఉందురు. వారిని పిలువక, యంత్రమునందు ముద్రితమైన పాటను గట్టిగా వినిపించి ఉత్సవమైనదని తృప్తిపడుట సులభమే. కాని పిలువని విద్య ఇంటిలో ముడుచుకొనును. తండ్రికి పిలుపు లేని విద్యను కొడుకు నేర్వడు. రెండు తరములు గడచునప్పటికి ఆ ఊరిలో స్వామి ఊరేగింపునకు ముందు నడచు మేళమే ఉండదు.

పిలుచుట మాత్రము చాలదు. పిలిచిన కళాకారునికి రానుపోను ఖర్చు, భోజనము, తగిన సంభావన ముందుగా ఏర్పాటు చేయవలెను. సేవయని చెప్పి రిక్తహస్తముతో పంపుట సేవకే కళంకము. సంభావనకన్న ముఖ్యమైనది గౌరవస్థానము. వీరు మన కులమువారు కారనియు, స్త్రీలనియు, పెద్దపేరు లేనివారనియు ఎవరినైనను పందిరి వెనుకకు నెట్టుచున్నామేమో చూచుకొనవలెను. చందా అందుకొనునప్పుడు లేని భేదము పాట దగ్గర ఎందులకు రావలెను? భగవద్రామానుజులు గోపురమెక్కి మంత్రరహస్యమును అందరికిని వినిపించిరని మన వైష్ణవ సంప్రదాయము చెప్పుచున్నది. ఆళ్వారులలో అన్ని కులములవారును కలరు, గోదాదేవియు కలదు. పాడుటకు అర్హత భక్తియేయని ఇంతకన్న స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

గృహస్థులు తమ ఇంట జరుగు శుభకార్యములందును ఊరి మేళమును, ఊరి గాయకులను మొదట తలచుకొనవలెను. పిల్లలను వెంటబెట్టుకొని హరికథకు పోయి ముందువరుసలో కూర్చుండవలెను. వినువారు నలుగురున్నచో చెప్పువానికి నలువదిమంది బలము కలుగును. ఇది పెద్ద ధనముతో పని లేనిది, ఎల్లరును చేయదగినది.

దీపము ముందుభాగమున నున్నను, వెనుకభాగమున నున్నను వెలుగునిచ్చుట మానదు. నాగరత్నమ్మ అట్టి దీపము. తిరువయ్యారు వెళ్ళు యాత్రికులు త్యాగరాజస్వామిని సేవించుకొని, ఎదుట కూర్చున్న ఆ తల్లికిని ఒక నమస్కారము సమర్పింతురుగాక. వెళ్ళలేనివారు పుష్య బహుళ పంచమినాడు తమ ఊరి గాయకులను, గాయనులను ఇంటికి పిలిచి, ఒక్క కీర్తనయైన పాడించుకొని, పసుపు కుంకుమలతోను, తాంబూలముతోను, తగిన సంభావనతోను సత్కరింతురుగాక. శ్రీరామచంద్రుని కటాక్షమున మన ఊళ్ళ పాట మన ఊళ్ళలో చిరకాలము నిలుచుగాక.